హీటర్ వాడని ఊళ్లో హీటర్ కోర్ తిప్పలు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కొంపల్లి నుంచి గచ్చిబౌలికి రోజూ తిరిగే 9 ఏళ్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఏసీ గ్యాస్ నింపించినా చల్లదనం అంతంతమాత్రమే. బ్లోయర్ వేయగానే ఏదో తీపి వాసన, ముందు అద్దానికి లోపలివైపు జిడ్డు పొర, రిజర్వ్ బాటిల్‌లో కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) మెల్లగా తగ్గడం. మెకానిక్ చూసి, "హీటర్ కోర్ పోయింది సార్, డ్యాష్‌బోర్డ్ మొత్తం విప్పాలి. లేదంటే బైపాస్ కొట్టేద్దాం, హైదరాబాద్‌లో హీటర్‌తో మనకేం పని" అన్నాడు. అసలు హీటర్ కోర్ అంటే ఏంటి, బైపాస్ (కోర్‌ను వదిలేసి దాని పైపులను నేరుగా కలిపేయడం) చేయించుకోవచ్చా, కొత్తది వేస్తే మళ్లీ పోకుండా ఏం చేయాలి అన్నవి మీ ప్రశ్నలు.

మీ మెకానిక్ రోగం సరిగ్గానే పట్టుకుని ఉండొచ్చు. కానీ "హీటర్‌తో మనకేం పని" అన్న మాటతోనే ఈ ఊళ్లో సగం కార్లు పాడవుతున్నాయి. హీటర్ మీరు వాడకపోయినా చాలా కార్లలో హీటర్ కోర్ గుండా ఇంజిన్ నీళ్లు, అంటే కూలెంట్, ప్రతి రోజూ, ప్రతి నిమిషం తిరుగుతూనే ఉంటాయి. వాడని వస్తువు కదా అని దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆ నిర్లక్ష్యం ఏసీ కంప్లైంటుగా బయటపడుతుంది, మనం గ్యాస్ నింపిస్తూ కూర్చుంటాం.

ముందు దాని పని చెప్తాను. ఇంజిన్‌లో పెట్రోలు కాలితే పుట్టే వేడిలో చక్రాలు తిప్పడానికి పనికొచ్చేది కొంతే. మిగిలిన దాంట్లో చాలా భాగం సైలెన్సర్ గుండా పోతుంది, ఇంకో పెద్ద వాటాను కూలెంట్ మోసుకెళ్తుంది. ఆ కూలెంట్‌ను వాటర్ పంపు ఇంజిన్ లోపల తిప్పుతూ ఉంటుంది. వేడి సుమారు 82 నుంచి 88 డిగ్రీలకు చేరగానే థర్మోస్టాట్ తెరుచుకుని కూలెంట్‌ను ముందున్న పెద్ద రేడియేటర్‌కు వదులుతుంది. ఇది కాక ఇంజిన్ నుంచి రెండు సన్నటి రబ్బరు పైపులు ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే రేకు గోడ) దాటి డ్యాష్‌బోర్డ్ వెనక్కి వెళ్తాయి. వాటి చివర ఉండేదే హీటర్ కోర్. రేడియేటర్ లాంటిదే, కాకపోతే స్కూలు నోట్‌బుక్ అంత ఉంటుంది. ఇప్పటి కార్లలో అల్యూమినియం ట్యూబులు, వాటి మధ్య ఫిన్నులనే సన్నటి రేకులు, చాలావాటిలో రెండు వైపులా ప్లాస్టిక్ ట్యాంకులు. పాత అంబాసిడర్ కాలం వాటిలో రాగి, ఇత్తడి ఉండేవి.

ఈ కోర్ ఉండే ప్లాస్టిక్ డబ్బాలోనే ఏసీ కూలింగ్ కాయిల్ కూడా ఉంటుంది. బ్లోయర్ గాలి ముందు కూలింగ్ కాయిల్ గుండా వస్తుంది. ఆ తర్వాత ఒక ఫ్లాప్ ఉంటుంది. మీరు టెంపరేచర్ నాబ్‌ను నీలం వైపు తిప్పితే ఫ్లాప్ హీటర్ కోర్‌కు అడ్డం పడి గాలిని పక్క నుంచి పంపుతుంది. ఎరుపు వైపు తిప్పితే గాలి కోర్ గుండా వెళ్లి వేడెక్కి వస్తుంది. మామూలు కార్లలో నాబ్ నుంచి ఫ్లాప్ దాకా ఒక కేబుల్ ఉంటుంది, ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్ ఉన్నవాటిలో చిన్న మోటారు తిప్పుతుంది. కొన్ని పాత మోడళ్లలో ఫ్లాప్‌తో పాటో, దానికి బదులుగానో పైపు మీదే ఒక వాల్వ్ ఉండి, హీటర్ ఆపితే నీళ్లు కోర్‌లోకి వెళ్లకుండా కట్టేస్తుంది. మీ కారులో ఏది ఉందో బానెట్ ఎత్తి ఆ రెండు పైపుల వెంట చూస్తే తెలిసిపోతుంది.

ఇప్పుడు మీ ఏసీ సంగతి. వాల్వ్ లేని కారులో, కూలింగ్ కాయిల్ పక్కనే 90 డిగ్రీల దగ్గర కాలిపోతున్న కోర్ ఎప్పుడూ ఉంటుంది. ఆ రెండింటి మధ్య అడ్డు ఫ్లాప్ ఒక్కటే. ఆ ఫ్లాప్ అంచులకు స్పాంజి అతికించి ఉంటుంది. మన ఎండలకు ఏళ్ల తరబడి నాని, ఎండి, పొడై రాలిపోతుంది. వెంట్లలోంచి నల్లటి నలుసులు ఎగిరి ఒళ్లో పడుతున్నాయా? అది ఆ స్పాంజే. అంచు పోయాక, లేదా కేబుల్ క్లిప్పు జారి ఫ్లాప్ పూర్తిగా మూసుకోనప్పుడు, చల్లగాలిలో కొంచెం వేడిగాలి కలుస్తూనే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో బయట 40 దాటినప్పుడు ఆ కొంచెమే చాలు, ఏసీ పని చేయట్లేదు అనిపించడానికి. గ్యాస్ మీటర్లు పెట్టి చూస్తే ప్రెషర్లు బాగానే ఉంటాయి. అయినా "కొంచెం తక్కువుంది సార్" అని నింపేస్తారు. ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయిపోయేది కాదు, అది మూసి ఉన్న సర్క్యూట్. నిజంగా తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు చూపించకుండా గ్యాస్ నింపుతానన్న వాళ్ల దగ్గర రెండోసారి నింపించుకోకండి.

ఇది తేల్చడానికి మా షెడ్డులో చేసే పరీక్ష చాలా తేలిక. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక ఏసీని ఫుల్ చల్లదనంలో, లోపలి గాలే తిరిగేలా పెట్టి, మధ్య వెంట్‌లో చిన్న థర్మామీటర్ దూర్చండి. రీడింగ్ నిలబడ్డాక ఫైర్‌వాల్ దగ్గర హీటర్‌కు వెళ్లే రబ్బరు పైపును హోస్ క్లాంపుతో నొక్కిపెట్టాలి. ఐదు నిమిషాల్లో వెంట్ గాలి స్పష్టంగా చల్లబడితే దోషం గ్యాస్‌ది కాదు, ఫ్లాప్‌ది. ఏమీ మారకపోతే అప్పుడు ఏసీ వైపు చూడండి: కండెన్సర్ మీద దుమ్ము, ఫ్యాను, కంప్రెసర్, మూసుకుపోయిన క్యాబిన్ ఫిల్టర్. నొక్కడానికి మాత్రం గుండ్రటి దవడలున్న క్లాంపే వాడాలి. కటింగ్ ప్లయర్‌తో నొక్కితే 9 ఏళ్ల రబ్బరు అక్కడే చీలుతుంది, లేని లీకు కొనుక్కున్నట్టు అవుతుంది.

తీపి వాసన, అద్దం మీద జిడ్డు, కూలెంట్ తగ్గడం, ఈ మూడూ కలిసి ఉన్నాయి కాబట్టి మీ కారులో కోర్ లీకు అన్న అనుమానం బలంగానే ఉంది. కూలెంట్‌లో ఉండే ఎథిలీన్ గ్లైకాల్‌దే ఆ వాసన. ఆవిరై అద్దానికి పట్టుకుంటుంది, బట్టతో తుడిస్తే పోదు, ఇంకా అలుముకుంటుంది. రాత్రి ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎదుటి లైట్లు పడినప్పుడు ఏమీ కనిపించకుండా చేసేది అదే. అయినా డ్యాష్‌బోర్డ్ విప్పమనే ముందు రుజువు అడగండి. విప్పాక "లీకు ఇక్కడ కాదు సార్" అంటే లేబర్ డబ్బులు మీవే పోతాయి.

రుజువు ఎలాగంటారా? కారు కింద ఏసీ నీళ్లు కారే సన్న పైపు ఉంటుంది కదా. కోర్ కూడా అదే డబ్బాలో ఉంది కాబట్టి, అది కారితే చాలా కార్లలో ఆ పైపు నుంచే బయటికొస్తుంది. ఏసీ ఆపేసి, పొడి వాతావరణం ఉన్న రోజున ఇంజిన్ వేడెక్కేదాకా నడిపి, ఆ పైపు కింద తెల్లటి గిన్నె పెట్టండి. ఏసీ వేయని కారులోంచి చుక్కలు రాకూడదు. వచ్చినవి ఆకుపచ్చగానో, ఎర్రగానో, వేళ్ల మధ్య జారుడుగానో ఉంటే అది కూలెంటే. రుచి మాత్రం చూడకండి, అది విషం. ఇక పక్కా రుజువు కావాలంటే ప్రెషర్ టెస్ట్. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి, అక్కడ చేతి పంపున్న మీటర్ బిగించి, మూత మీద రాసి ఉన్న ప్రెషర్ దాకా మాత్రమే కొట్టాలి. చాలా కార్లలో అది 0.9 నుంచి 1.1 బార్ మధ్య ఉంటుంది. పావుగంటలో ముల్లు పడిపోయి, బానెట్ కింద ఎక్కడా తడి లేకపోతే లోపల కారుతున్నట్టే. అప్పుడు క్యాబిన్ ఫిల్టర్ తీసిన సందులోంచో, బ్లోయర్ వేగం మార్చే రెసిస్టర్ తీసిన రంధ్రంలోంచో టార్చ్ వేసి చూస్తే తడి కనిపించే అవకాశం ఎక్కువ.

ఇక్కడ రెండు తప్పుదారులున్నాయి. మొదటిది, ఎడమవైపు సీటు కింద మ్యాట్ తడిసిందంటే అది కోరే అని ఖాయం కాదు. ఏసీ డ్రెయిన్ పైపు మట్టితో మూసుకుపోయినా నీళ్లు లోపలికే వస్తాయి. వానాకాలంలో వైపర్ల కింద ఉండే జాలీలో వేపాకులు పేరుకుపోయినా అంతే. అవి మామూలు నీళ్లు, వాసన ఉండదు, ఆరితే జిడ్డు మిగలదు. రెండోది కొంచెం భయపెట్టేది. కూలెంట్ తగ్గుతూ బయటా లోపలా ఎక్కడా తడి లేకపోతే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ పైనున్న హెడ్‌కూ మధ్య ఉండే సీలు) వైపు చూడాలి. సైలెన్సర్ నుంచి ఇంజిన్ వేడెక్కాక కూడా తగ్గని తెల్లపొగ, ఆయిల్ మూత కింద పాలమీగడలాంటి పేస్టు, నీళ్లలో బుడగలు దాని గుర్తులు. మీకున్న లక్షణాలు చూస్తే అటు కనిపించట్లేదు.

అసలు కోర్ ఎందుకు పోతుంది అన్నది నన్నడిగితే, ఈ ఊళ్లో మొదటి ముద్దాయి నీళ్లు. "మనకు మంచు గడ్డకట్టదు కదా, కూలెంట్ ఎందుకు, నీళ్లు చాలు" అనే మాట పెట్రోల్ బంకులో కుర్రాడి నుంచి పెద్ద డ్రైవర్ల దాకా అందరి నోటా వింటాం. గడ్డకట్టకుండా చూడడం కూలెంట్ చేసే పనుల్లో ఒకటి, మనకు అక్కర్లేనిది అదొక్కటే. సగం నీళ్లు, సగం గ్లైకాల్ కలిపితే మరిగే స్థానం మామూలు గాలి ఒత్తిడిలోనే 106, 107 డిగ్రీలకు వెళ్తుంది. మూత పట్టి ఉంచే ఒత్తిడి తోడైతే 125 దాకా మరగదు. మెహదీపట్నం ట్రాఫిక్‌లో మే నెల మధ్యాహ్నం ఆ తేడా మీకు అవసరం. అంతకంటే ముఖ్యం, అందులో తుప్పు పట్టనివ్వని రసాయనాలు ఉంటాయి. అల్యూమినియం, ఇనుము, రబ్బరు, టంకం అన్నీ ఒకే నీళ్లలో మునిగి ఉన్నచోట అవి లేకపోతే లోహం లోపలి నుంచి తినేయబడుతుంది. అందరికంటే ముందు పోయేది పలచటి గోడలున్న హీటర్ కోర్ ట్యూబులే.

మన బోరు నీళ్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. గ్రానైట్ రాతిలోంచి వచ్చే ఆ నీటికి కాఠిన్యం ఎక్కువ. గీజర్ కాయిల్ మీద తెల్లటి పెచ్చు కడుతుంది చూశారా, ఇంజిన్‌లో వేడి భాగాల మీద, కోర్ ట్యూబుల లోపల కూడా అదే కడుతుంది. గీజర్ కాయిల్ అయితే విప్పి గోకుతాం, అంత సన్నటి దారులున్న కోర్‌ను ఎవడు గోకుతాడు! ట్యాంకర్ నీళ్లూ చాలావరకు బోరు నీళ్లే. డిస్టిల్డ్ వాటర్ 5 లీటర్ల క్యాన్ బ్యాటరీ షాపుల్లో దొరుకుతుంది. దారిలో తప్పనిసరై కుళాయి నీళ్లు పోయాల్సి వస్తే పోయండి, ఇంజిన్ ముఖ్యం. ఇంటికొచ్చాక మాత్రం ఆ నీళ్లు తీయించి సరైనది నింపించండి.

కూలెంట్ కొనేటప్పుడు రంగు చూసి కొనొద్దు. ఆకుపచ్చ, ఎరుపు, నీలం కంపెనీలు కలుపుకునే రంగులు మాత్రమే, వాటికి ఒకే ప్రమాణం లేదు. మీ కారు మాన్యువల్‌లో ఏ రకం అడిగారో అదే చూడండి. పాత తరహా సిలికేట్ రకాలు సుమారు 2 ఏళ్లకు, ఆర్గానిక్ యాసిడ్ రకాలు 5 ఏళ్ల దాకా పనిచేస్తాయి. రెండు రకాలు కలిపితే రక్షణ తగ్గుతుంది, కొన్ని కలయికలు చిక్కటి జెల్లీలా మారి కోర్‌ను మూసేస్తాయి కూడా. డబ్బా మీద "రెడీ టు యూజ్" అని ఉంటే నీళ్లు కలపొద్దు. "కాన్సన్‌ట్రేట్" అని ఉంటే సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలపాలి. చిక్కగా ఉంటే మంచిదని మొత్తం కాన్సన్‌ట్రేటే పోసేవాళ్లున్నారు. ఒట్టి గ్లైకాల్ నీళ్లంత బాగా వేడి మోయలేదు, ఇంజిన్ ఇంకా వేడెక్కుతుంది.

మల్టీమీటర్ ఉంటే ఇంట్లోనే చేసుకోగల చిన్న పరీక్ష ఒకటుంది. చల్లటి ఇంజిన్ మీద మూత తీసి, నెగటివ్ ప్రోబ్ బ్యాటరీ నెగటివ్‌కు ఆనించి, పాజిటివ్ ప్రోబ్ లోహానికి తగలకుండా కూలెంట్‌లో ముంచండి. 0.3 వోల్ట్ కంటే ఎక్కువ చూపిస్తే కూలెంట్‌లో రక్షణ అయిపోయి అదే ఒక బలహీనమైన బ్యాటరీలా తయారైందన్నమాట, లేదా ఎక్కడో ఎర్తింగ్ సరిగా లేక కరెంటు కూలెంట్ గుండా దారి వెతుక్కుంటోంది. హెడ్‌లైట్లు, ఫ్యాను వేయగానే రీడింగ్ పెరిగితే రెండోదే. బయటి షాపుల్లో స్పీకర్లు, ఫాగ్ లైట్లు బిగించి, ఎర్త్ వైరు దొరికిన బోల్టుకు చుట్టేసిన కార్లలో ఇది చూస్తుంటాం. అలాంటి కారుకు కొత్త కోర్ వేసినా త్వరగానే చిల్లు పడుతుంది. మీరు ఈ మధ్య ఏవైనా ఎక్స్‌ట్రా ఫిట్టింగులు చేయించారేమో గుర్తు చేసుకోండి.

థర్మోస్టాట్ తీసేసే అలవాటు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే కోర్ పనితో పాటు "ఇదీ తీసేద్దాం, మన వేడికి అనవసరం" అంటారు. ఒప్పుకోకండి. అది లేకపోతే ఇంజిన్ సరైన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, మైలేజీ తగ్గుతుంది, ఆయిల్‌లో మడ్డి పెరుగుతుంది. ఇంకో విచిత్రం, చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు పక్కనున్న బైపాస్ దారిని తనే మూసేస్తుంది. దాన్ని పీకేస్తే ఆ దారి తెరిచే ఉండిపోయి, కొంత కూలెంట్ రేడియేటర్‌కు వెళ్లకుండానే తిరిగొస్తుంది. చల్లబడాలని తీసింది ట్రాఫిక్‌లో వేడెక్కడానికి కారణమవుతుంది.

పసుపు వేసే చిట్కా చాలామందికి తెలుసు. లారీ డ్రైవర్లు రేడియేటర్ కారితే పసుపు పోసి ఊరు చేరుకోవడం పాత పద్ధతే, శ్రీశైలం ఘాట్‌లో రాత్రిపూట ఇరుక్కుంటే నేనూ వద్దనను. షాపుల్లో అమ్మే స్టాప్ లీక్ డబ్బాలూ అదే సూత్రం. కానీ చిల్లును మూసే పదార్థానికి ఏది చిల్లో ఏది సన్న దారో తెలియదు. ముందు మూసుకునేది హీటర్ కోర్, ఆ తర్వాత రేడియేటర్. మీ కారులో ఇప్పుడే వేయమని ఎవరైనా సలహా ఇస్తే వద్దనండి.

కోర్ కారకుండా మూసుకుపోవడం వేరే జబ్బు, మీకు కాకపోయినా చదివే మిగతావాళ్లకు పనికొస్తుంది. ఇంజిన్ వేడెక్కాక నాబ్ ఎరుపు వైపు పెట్టి ఫైర్‌వాల్ దగ్గరి రెండు పైపులనూ జాగ్రత్తగా తాకి చూడండి. రెండూ దాదాపు ఒకే వేడితో ఉండి గాలి మాత్రం చల్లగా వస్తే ఫ్లాపు తేడా. ఒకటి కాలిపోతూ ఒకటి గోరువెచ్చగా ఉంటే కోర్ మూసుకుపోయింది. రెండూ చల్లగా ఉంటే నీళ్లు తక్కువున్నాయి, లేదా గాలి ఇరుక్కుంది, లేదా వాల్వ్ తెరుచుకోలేదు. బండి స్టార్ట్ చేయగానే డ్యాష్‌బోర్డ్ వెనక గుడగుడమని శబ్దం, రేసు ఇస్తే వేడిగాలి, ఐడ్లింగ్‌లో చల్లగాలి, ఇవి గాలి ఇరుక్కున్న లక్షణాలు.

మూసుకుపోయిన కోర్‌ను శుభ్రం చేయాలంటే చల్లటి ఇంజిన్ మీద రెండు పైపులూ ఊడదీసి, కూలెంట్ బయటికొచ్చే వైపు నుంచి మామూలు తోట పైపుతో మెల్లగా నీళ్లు పంపాలి, అంటే రోజూ పారే దిక్కుకు ఎదురుగా. ముందు గోధుమరంగు మడ్డి వస్తుంది, తేటగా వచ్చేదాకా దిక్కు మారుస్తూ పంపి, చివర డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి పెట్టనివ్వకండి. ఆ కోర్ తయారైంది సుమారు 1 బార్ ఒత్తిడికి, కంప్రెసర్‌లో దానికి ఆరేడు రెట్లు ఉంటుంది. వీడియోల్లో చూపించే నిమ్మ ఉప్పు, బట్టల సోడా ప్రయోగాలు కూడా వద్దు. సోడా అల్యూమినియాన్ని తింటుంది. నిమ్మ ఉప్పు పాళ్లు, సమయం తప్పితే మిగిలి ఉన్న పలచటి గోడకు కూడా చిల్లు పడుతుంది.

ఇక బైపాస్. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. కొత్త కోర్ తెప్పించేలోపు వారం పది రోజులకు బైపాస్ మంచిదే, పైగా ఈ వాసన పీలుస్తూ పిల్లల్ని స్కూలుకు దింపడం కంటే వెయ్యి రెట్లు నయం. కారు ఈ ఏడాదే అమ్మేద్దామనుకుంటే అలాగే ఉంచేయొచ్చు, కొనేవాళ్లకు మాత్రం చెప్పండి. ఇంకో రెండు మూడేళ్లు వాడతానంటే కోర్ మార్చడమే సరైనది. హీటర్ అవసరం మనకు అసలు లేదన్నది కూడా నిజం కాదు. జూలైలో ముసురు పట్టినప్పుడు అద్దం మసకబారితే, ఏసీ వేసి నాబ్ కొంచెం వెచ్చదనం వైపు తిప్పి బయటి గాలి తీసుకుంటే క్షణాల్లో తేటపడుతుంది, లోపల చలి పెట్టదు. డిసెంబరులో లంబసింగికో, ఆదిలాబాద్ మీదుగా నాగ్‌పూర్‌కో తెల్లవారుజామున బయల్దేరితే హీటర్ విలువ తెలుస్తుంది.

బైపాస్ చేయించేటప్పుడు ఒకటి చూసుకోండి. రెండు పైపులకూ బోల్టులు దూర్చి మూసేయడం కాదు, ఇంజిన్ వైపు ఉన్న రెండు చివరలనూ ఒకే పైపుతో కలపాలి. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ మూసి ఉన్నప్పుడు నీళ్లు తిరగడానికి హీటర్ దారే ఆధారం, దాన్ని మూసేస్తే లోపల ఒకచోట వేడి పేరుకుపోతుంది. మామూలు పైపును మడత పెడితే మెలి దగ్గర నొక్కుకుపోతుంది కాబట్టి యూ ఆకారంలో అచ్చుపోసిన హోస్ గానీ, లోహపు బెండు గానీ వేయించండి. పాత స్క్రూ క్లిప్పులు కూడా మార్చండి.

బైపాస్ చేసిన కారులో పోయేది ఇంకొకటుంది. ఇంజిన్ వేడెక్కి ముల్లు ఎరుపు వైపు వెళ్తూ, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఆపడానికి చోటు లేకపోతే, ఏసీ ఆపి, హీటర్ ఫుల్ వేడిలో, బ్లోయర్ ఫుల్ స్పీడులో పెట్టి అద్దాలు దించేస్తాం. చెమటలు కారిపోతాయి గానీ హీటర్ కోర్ రెండో రేడియేటర్‌లా పనిచేసి ఇంజిన్ నుంచి కొంత వేడి లాగేస్తుంది, దిగేదాకా నెట్టుకురావచ్చు. అందులోనే ఒక హెచ్చరిక కూడా ఉంది: ముల్లు ఎరుపులో ఉండి హీటర్ గాలి చల్లగా వస్తోందంటే కోర్‌లోకి నీళ్లే రావట్లేదు, అంటే లోపల కూలెంట్ అయిపోయింది. అప్పుడు ఇంకో పది మీటర్లు కూడా నడపొద్దు, పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దని ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

కోర్ మార్పు విషయానికొస్తే, పార్ట్ ధర కంటే లేబర్ ఎక్కువ. కొన్ని మోడళ్లలో పెడల్స్ పక్క నుంచి ప్యానెల్ తీసి కోర్‌ను సొరుగులా లాగేయొచ్చు. కొన్నింటిలో స్టీరింగ్, డ్యాష్‌బోర్డ్, కింది ఇనుప బీమ్ అన్నీ విప్పి, ఏసీ గ్యాస్ తీసి డబ్బా మొత్తం బయటికి తేవాలి. మీ మోడల్ ఏ రకమో ముందే తెలుసుకుంటే ఎస్టిమేట్ న్యాయమైనదో కాదో మీకే అర్థమవుతుంది. కోర్ రాణిగంజ్‌లోనో పుత్లీబౌలిలోనో దొరుకుతుంది. కంపెనీకి సరఫరా చేసే తయారీదారుదే తీసుకోండి. చౌక రకంలో ఫిన్నులు పలచగా, పైపుల వంపు కొంచెం తేడాగా ఉంటాయి, బిగించేటప్పుడు బలవంతం చేస్తే మొదటి రోజే మెడ దగ్గర పగులు. పాతదాన్ని అతికించి ఇస్తామంటే, రాగిది అయితే సరే, మంచి టంకం పనివాళ్లు ఇంకా ఉన్నారు. ప్లాస్టిక్ ట్యాంకున్న అల్యూమినియం కోర్‌కు ఎపాక్సీ పూస్తే అది ఎక్కువ కాలం నిలవదు.

డ్యాష్‌బోర్డ్ ఎలాగూ విప్పుతారు కాబట్టి అదే లేబర్‌లో ఫ్లాప్ స్పాంజి కొత్తది అతికించమనండి, కూలింగ్ కాయిల్ కడిగించండి, ఓ రింగులు (పైపు అతుకుల్లో ఉండే రబ్బరు సీళ్లు), కోర్ చుట్టూ ఉండే ఫోమ్ పట్టీ మార్పించండి. మీ ఏసీ గోల చాలావరకు అక్కడే తీరొచ్చు. ఎయిర్‌బ్యాగ్ ఉంది గనక పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ ఊడదీసి కొన్ని నిమిషాలు ఆగాలి, పసుపురంగు కనెక్టర్లను టెస్ట్ ల్యాంపుతో తడమకూడదు. నింపేటప్పుడు బండి ముందు భాగం ఎత్తులో ఉండేలా నిలిపి, హీటర్ నాబ్ ఫుల్ వేడిలో పెట్టి, చల్లటి ఇంజిన్ మీదే మెల్లగా పోసి, గాలి తీసే స్క్రూ ఉంటే దాన్ని వదిలించి, తర్వాత ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా నడపాలి. మర్నాడు పొద్దున బాటిల్‌లో మట్టం మళ్లీ చూడాలి. తీసిన పాత కూలెంట్‌ను కాలవలోనో చెట్టు మొదట్లోనో పోయనివ్వకండి, తీపికి కుక్కలు నాకి చచ్చిపోతాయి.

తర్వాత మీరు చేయాల్సింది పెద్దగా లేదు. నెలకోసారి పది నిమిషాలు నాబ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి హీటర్ నడపండి, ఫ్లాప్ బిగుసుకుపోదు, వాల్వ్ ఉన్న బండిలో కోర్‌లో నిలిచిన నీళ్లు కదులుతాయి. బాటిల్ మట్టం మీద కన్నేసి ఉంచండి. తగ్గిందంటే నింపి ఊరుకోవడం కాదు, ఎటు పోతోందో వెతకాలి.

కోర్ మార్చాక కూడా కొన్నాళ్లు తీపి వాసన రావొచ్చు, చాలామంది కొత్తదీ కారుతోందని గొడవకు వస్తారు. కార్పెట్ కింద మందపాటి ఫెల్ట్ ఉంటుంది, కారిన కూలెంట్ అంతా అది పీల్చుకుని ఉంటుంది, గ్లైకాల్ నీళ్లలా తనంతట తాను ఆరదు. ఎడమ సీటు విప్పించి, కార్పెట్ ఎత్తి, ఫెల్ట్‌ను గోరువెచ్చని సబ్బు నీళ్లతో ఉతికి రెండు మూడు రోజులు మంచి ఎండలో వేయండి. అద్దాన్ని కూడా లోపలివైపు గ్లాస్ క్లీనర్‌తో, ప్రతిసారీ కొత్త పేపర్ టవల్ మార్చుతూ రెండు మూడు విడతలు తుడవండి. ఇవన్నీ అయ్యాక కూడా వాసన తగ్గకపోతే అప్పుడు ప్రెషర్ మీటర్ మళ్లీ బిగించమనండి.